పన్నెండో ఫారం

“అది కాదక్కా, నేనడిగేది ఒకటే మాట. ఉచితంగా వేస్తామన్నా జనం తప్పించుకు తిరుగుతున్నారు. నువ్వేమో డబ్బు చేత్తో పట్టుకుని, బాబ్బాబు నన్ను పొడవండి అని వెంటపడతానంటావేంటి?”

“చెయ్యి నాది, సూది నాకు. నొప్పి నీకెందుకురా?”

“అది కటింగ్ మిషన్ బ్లేడు కోసం దాచిన డబ్బు.”

“పాత బ్లేడు ఇంకో ఆర్నెల్లు కోస్తుంది.”

“కోస్తుందా? మొన్న ఆ పుస్తకాల అంచులు చూశాను. ఎలుక కొరికినట్టున్నాయి.”

“ఎలుకే నయం. పని చేసుకునేవాళ్ల నెత్తిన నిలబడి ఉపన్యాసాలివ్వదు.”

మెట్ల మలుపులో, నోట్లో బ్రష్షుతో, మేనల్లుడు ఆగిపోయాడు. కిందికి దిగితే తనని సాక్ష్యానికి పిలుస్తారు. పైకి పోతే మిగతాది వినపడదు. నోటి నిండా నురగతో అక్కడే గోడకి జారగిలబడ్డాడు. కింద బైండింగు కొట్లో తగువు పడుతున్నది వాళ్ల నాన్నా, మేనత్తా. అత్త నాన్నకి నాలుగేళ్లు పెద్ద. నాన్న బస్సు డిపోలో టైం కీపరు కాబట్టి, లోకంలో ప్రతిదానికీ ఒక వేళ ఉందనీ, ఆ వేళ తనకి తెలుసనీ ఆయన నమ్మకం.

పై వంటగది కిటికీలోంచి అమ్మ గొంతు దిగింది. “ఆవిడ ఒంటికి ఆవిడ వేయించుకుంటుంది, మధ్యలో మీదేం పోయింది? పోయినేడు మీరు కొన్న కసరత్తు సైకిలు మీద తువ్వాళ్లు ఆరేసుకుంటున్నాం. మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అన్నారా?”

“నువ్వు పొయ్యి చూసుకో.”

“పొయ్యి చూస్తూనే అంటున్నాను. నోరు ఖాళీగానే ఉందిగా.”

నాన్న గొంతు తగ్గించాడు. “చూడక్కా. అరవై దాటినవాళ్లకి కోవిడ్ బూస్టరు, ఆ మూడో డోసు, ఉచితం. మిగతావాళ్లకీ ఒకటి రెండు నెలల్లో ఉచితం చేస్తారని డిపోలో అందరూ అంటున్నారు. ఈలోగా ప్రైవేటుకి పోయి కట్టడం దేనికి? కాస్త ఆగు.”

“మీ డిపోవాళ్లు బస్సు వచ్చే వేళే సరిగ్గా చెప్పలేరు. టీకా వచ్చే వేళ చెబుతారా?”

“అసలు నీకెందుకింత తొందర? రెండు డోసులూ పడ్డాయి. ఈ గది దాటి బయటికి పోవు. నువ్వెవరి మీద దగ్గుతావు, నీ మీద ఎవరు దగ్గుతారు?”

“ఆగలేనురా,” అంది అత్త.

ఆ మాట మాత్రం తగువులోది కాదు. అప్పటిదాకా కత్తెర ఆడినట్టు వచ్చిన గొంతు అక్కడికొచ్చేసరికి, గాజు సామాను బట్టలో చుట్టి కింద పెట్టినంత మెత్తగా వచ్చింది. మేనల్లుడు నోట్లోంచి బ్రష్షు తీసేశాడు. నాన్న చెప్పుల చప్పుడు వీధి వైపు వెళ్లిపోయింది.

*

ఆ వీధిలో ఆమెని బైండరమ్మ అంటారు. పెళ్లయిన కొత్తల్లో మొగుడి దగ్గర కుట్టు నేర్చుకుంది. పదేళ్లకి మొగుడి కంటే బాగా కుట్టేది. ఆ సంగతి ఆయనే నలుగురికీ చెప్పుకునేవాడు. కొట్టు అంటే ఇంటి కింది భాగంలో ఒక పొడుగాటి గది. వీధి వైపు ఎత్తుగా ఒకటే కిటికీ. పొద్దున పదిన్నరకి అందులోంచి ఎండ ఏటవాలుగా పడి, గంటన్నర సేపు గదికి అడ్డంగా నిలబడుతుంది. ఆ ఎండలో కాగితపు నలుసులు కిందికి రావడం మర్చిపోయినట్టు తేలుతుంటాయి. జిగురు వాసన, కొత్త కాగితం వాసన, ఎక్కడో నూనె వేసిన ఇనుము వాసన. చిన్నప్పుడు మేనల్లుడు ఆ కాగితాల దొంతరల మీద పడుకుని నిద్రపోయేవాడు. పెద్దయ్యాక కాలేజీకి వెళ్లాడు, రెండేళ్లలో కాలేజీ వదిలేశాడు, ఆ తర్వాత నాలుగు ఉద్యోగాలు వదిలేశాడు. అత్త అతనికి ‘అర డిగ్రీ’ అని పేరు పెట్టింది. ఇప్పుడు బండి మీద పార్సిళ్లు చేరవేస్తున్నాడు. దాన్ని కూడా ఎప్పుడు వదిలేస్తాడా అని ఇల్లంతా ఎదురుచూస్తోంది.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని పదహారు పేజీలుగా మడిస్తే ఒక ఫారం. అలాంటి ఫారాలు వరసగా పేర్చి, వెన్ను కుట్టి, అట్ట వేస్తే పుస్తకం. ఒక ఫారం తప్పిపోయినా, ముందూ వెనకా అయినా పుస్తకం పాడు. అందుకని కుట్టేముందు మామయ్య ఫారం నంబరు పిలిచేవాడు. ఒడిలో దొంతర పెట్టుకున్న అత్త, బొటనవేలితో ఆ మూల ఎత్తి చూసి “ఉంది” అనేది. ఒకటి, ఉంది. రెండు, ఉంది. ఇరవై ఆరేళ్లు అలాగే. వాళ్లిద్దరూ తగువు పడి మాట్లాడుకోని రోజుల్లో కూడా ఈ పిలుపు ఆగలేదు. “పుస్తకం ఏం పాపం చేసింది?” అనేవాడు మామయ్య.

రెండేళ్ల క్రితం ఆయన్ని కోవిడ్ తీసుకుపోయింది. అంబులెన్సు ఎక్కించడం వరకే వీళ్ల చేతుల్లో ఉంది. ఏడో రోజున ఒక నర్సు ఫోన్ చేసి ఆయన చెవి దగ్గర పెట్టింది. అత్త చాలాసేపు మాట్లాడింది. అటు నుంచి మాస్కులోపలి ఊపిరి తప్ప ఇంకేమీ రాలేదు. కిటికీ సందులోంచి గాలి వచ్చినట్టు, అంతే. మర్నాడు ఆ గాలి కూడా లేదు.

ఆ తర్వాత ఆమే పిలిచి, ఆమే పలికేది. పైన పడుకున్నవాళ్లకి ఒకే గొంతు రెండు గొంతులుగా వినపడేది.

*

తగువైన రోజే, ఎండ కిటికీ దాటిపోయే వేళకి, పక్షుల మాస్టారు వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం లెక్కలు చెప్పి, దిగిపోయాక తన చుట్టుపక్కల కనిపించిన పిట్టలన్నిటి గురించీ పుస్తకం రాసుకున్న మనిషి. పద్నాలుగు ఫారాలు, రెండు వందల కాపీలు. మొదటి ముప్పై పోయిన వారమే పట్టుకెళ్లాడు. అందులో ఒకటి చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. మేనల్లుడు అప్పుడే పార్సిళ్ల బండి ఆపి, అన్నం తినడానికి లోపలికి వస్తున్నాడు.

“నా గుడ్లగూబలేవమ్మా?” అన్నాడు మాస్టారు.

“మీ గుడ్లగూబల్ని నేనేం చేసుకుంటాను?”

“నూట డెబ్బై ఆరో పేజీలో కాకి ఉంది. దాని పక్క పేజీయే నూట తొంభై మూడు, కొంగ. మధ్యలో గుడ్లగూబలు నాలుగు రకాలు, లకుముకి పిట్ట, పాలపిట్ట, అన్నీ ఎగిరిపోయాయి. మా వియ్యంకుడికి ఇచ్చాను. ఆయన ఆఖరి పేజీ దాకా చదివి ఫోన్ చేశాడు. ఆ మనిషి జీవితంలో ఒక పుస్తకం ఆఖరిదాకా చదవడం ఇదే మొదటిసారి, అదీ నా ఖర్మ.”

“ఒక్కదాంట్లోనేనా?”

“ముప్పైట్లోనూ.”

అత్త పుస్తకం అందుకుంది. తెరవలేదు. వెన్ను మీద వేలు పెట్టి ఒకసారి నిమిరింది, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. “తెచ్చి ఇవ్వండి మాస్టారూ. విప్పి కుడతాను. మిగతావాటికీ కొంచెం టైం ఇవ్వండి.”

“టైం ఎంతయినా ఇస్తానమ్మా. గుడ్లగూబలు మాత్రం ఇవ్వను.”

ఆయన వెళ్లాక మేనల్లుడు అన్నం సంగతి మర్చిపోయి అరలన్నీ వెతికాడు. ఎక్కువసేపు వెతకక్కర్లేకపోయింది. జిగురు డబ్బా వెనక, తెల్లటి బట్ట కింద, ముప్పై ఫారాలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ప్రతి దాని అడుగునా చిన్న అంకె. పన్నెండు.

పొరపాటున పోయినవి ఇలా బట్ట కప్పుకుని పడుకోవు.

అతను తలుపు పక్కన చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. అత్త అతన్ని చూసింది, కొత్త దొంతర ఒడిలోకి తీసుకుంది. “ఒకటి,” అంది. బొటనవేలు కదిలింది. “ఉంది.” గొంతు మారింది. “రెండు. ఉంది.” బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది స్టార్టవడం లేదు. “పది. ఉంది. పదకొండు. ఉంది. పన్నెండు.”

ఆగింది.

ఆమె చూపు ఎదురుగా ఉన్న ఖాళీ పీట మీదికి పోయింది. పెదాలు విడివడ్డాయి గానీ మాట రాలేదు. స్కూటరు స్టార్టయి వెళ్లిపోయింది. గదిలో నలుసులు కూడా ఆగి చూస్తున్నట్టు అనిపించింది అతనికి. ఎంతసేపో తెలియదు. తర్వాత ఆమె బొటనవేలు ఆ ఫారాన్ని నెమ్మదిగా పక్కకి లాగి పెట్టింది. “పదమూడు,” అంది. “ఉంది.”

తను చేస్తున్నది ఆమెకి తెలియనే తెలియదు. తర్వాతి దొంతరలో ఆమె “పన్నెండు” అనగానే, ఆగలేక, అతనే “ఉంది” అన్నాడు.

అత్త తలెత్తింది. కోపం లేదు. “నువ్వు కాదురా,” అంది.

*

అప్పుడు చెప్పింది.

రెండో డోసు వేయించుకున్న రోజు మధ్యాహ్నం ఆమెకి జ్వరం వచ్చింది. ఈ గదిలోనే పడుకుంది. కలలో కొట్టు ఇదే. కాకపోతే గోడలు లేవు. కాగితాల దొంతరలు చూపు ఆనినంత దూరం ఉన్నాయి, అన్నిటి మీదా పదిన్నర గంటల ఎండ. మామయ్య పీట మీద కూర్చున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. మాస్కు లేదు. ఆయన పోయాడని ఆమెకి తెలుసు, ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. పని మధ్యలో ఆ మాట ఎందుకని ఇద్దరూ ఎత్తలేదు.

“ఒకటి, అన్నాడు. ఉంది, అన్నాను. గొంతు ఎంత బాగుందనుకున్నావు. జలుబు కూడా లేదు. రెండు అన్నాడు. మధ్యలో ఎంతెంత సేపో. ఒక్కో అంకెకీ అంకెకీ మధ్య ఎండ కొంచెం జరిగేది. నాకేం తొందర లేదు. అలా పదకొండు దాకా వచ్చాం. అప్పుడు కళ్లజోడు కిందికి దించుకుని నా వైపు చూశాడు. చూసి, పన్నెండు, అన్నాడు.”

“అన్నాక?”

“అన్నాక నా నోట్లో చల్లగా ఏదో పడింది.”

మేనల్లుడికి అర్థమయ్యే సరికి చెవులు వేడెక్కాయి. ఆ పడింది మంచినీళ్లు. వాటితో పాటు గోళీ. పోసింది తను.

ఆ మధ్యాహ్నం అతనికి బాగా గుర్తుంది. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. అత్త ఒళ్లు పెనంలా కాలుతోంది. కళ్లు మూసుకుని, కాసేపటికొకసారి, “ఉంది… ఉంది…” అంటోంది. ముఖం మాత్రం నవ్వుతున్నట్టు ఉంది. అదే అతన్ని ఇంకా భయపెట్టింది. “ఏముందత్తా, ఎక్కడుంది?” అని భుజాలు పట్టి ఊపేశాడు. లేపి గోళీ మింగించాడు. అత్తని తనే కాపాడానని నెల రోజులు వీధంతా చెప్పుకున్నాడు.

“నాకు చెప్పలేదే?” అన్నాడు.

“చెబితే బాధపడతావని. నువ్వు చేసిందాంట్లో తప్పేముంది?”

“మరి ఇన్నాళ్లూ?”

“ఇన్నాళ్లూ నాలుగైదు ఫారాల పుస్తకాలే వచ్చాయిరా. కరపత్రాలు, రసీదు పుస్తకాలు. పన్నెండు దాటింది ఈ పక్షుల పుస్తకమే. ఆ అంకె దగ్గరికొచ్చేసరికి ఆయన పిలిచినట్టు ఉంటుంది. నేను పలికేలోగా ఏదో పడి కప్పేస్తుంది. మళ్లీ తెలివొచ్చేసరికి పదమూడు మీద ఉంటాను. కావాలని తీస్తున్నాననుకున్నావా?” ఆమె బట్ట కింది ఫారాల వైపు చూసింది. “ఇవాళ మాస్టారు అడిగేదాకా వీటిని నేనే ఇక్కడ పెట్టానని నాకు తెలీదు.”

“అందుకా బూస్టరు?”

“అందుకే.”

అతనికి మెత్తగా మాట్లాడటం చేతకాదు. “ఇది పిచ్చి అత్తా.”

“పిచ్చే. నీ ఫోన్లో టీకా బుక్ చెయ్యడానికి పిచ్చివాళ్లకి విడిగా బటన్ ఉందా, మామూలుదే నొక్కాలా?”

“అసలు జ్వరం వస్తుందని ఏంటి నమ్మకం? నాకు రెండిటికీ రాలేదు. వచ్చినా ఆ కలే వస్తుందా? వచ్చినా మొదట్నుంచి మొదలుపెడతాడో, పన్నెండు దగ్గర్నుంచి మొదలుపెడతాడో. ఇదేమైనా సీరియలా, ఆపిన చోట నుంచి రావడానికి?”

“రాకపోతే రాలేదు. టీకా అయితే పడుతుందిగా. ఎటొచ్చీ నష్టం లేదు.”

“మామూలు నిద్రలో రాడా?”

“వస్తాడు. వీధి చివర సంచీతో పోతూ కనిపిస్తాడు. వెనక నుంచి. పిలిస్తే తిరగడు.” ఆమె ఒడిలో దొంతర సరిచేసుకుంది. “అలా వస్తే నాకేం లాభం? నన్ను పిలవాలి కదా.”

“నాన్న చెప్పినట్టు రెండు నెలలు ఆగితే…”

“నూట డెబ్బై పుస్తకాలు ఆగవు. ఇవి కుట్టలేకపోతే ఇక ఏవీ కుట్టలేను. కొట్టు మీ నాన్న చేతిలో పెట్టేస్తాను. సెల్‌ఫోన్ల వాడు అద్దెకి అడుగుతూనే ఉన్నాడు. బ్లేడు మొద్దుబారితే అంచే పాడవుతుంది. నేను మొద్దుబారితే లోపల పేజీలే ఉండవు.”

మేనల్లుడు ఫోన్ తీశాడు. ఆమె పుట్టిన ఏడాది కొట్టాడు, రెండో డోసు తేదీ కొట్టాడు. బూస్టరుకి ఆగాల్సిన తొమ్మిది నెలలు దాటి పదకొండు రోజులు. దగ్గర్లో రెండు ప్రైవేటు ఆస్పత్రులు వచ్చాయి. రేపు పొద్దున్నకి ఖాళీ ఉంది. నొక్కబోయి ఆగాడు. చదువు వదిలేసినప్పుడు, ఉద్యోగాలు వదిలేసినప్పుడు ఇంట్లో ప్రతివాళ్లూ అతన్ని కారణం అడిగారు. ఈ మనిషి మాత్రం అడగలేదు. “తిన్నావా?” అని మాత్రం అడిగింది.

నొక్కాడు.

*

ఆస్పత్రి గాజు తలుపుల వెనక చల్లగా, నిశ్శబ్దంగా, చేపలతొట్టి లోపలిలా ఉంది. కుర్చీల్లో పదిమంది మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా తేలుతున్నారు. అత్త డబ్బు కట్టి, చీటీ తీసుకుని, దాన్ని అలవాటుగా నాలుగు మడతలు పెట్టింది. గోళ్లతో మడతలు నొక్కింది. లోపలి గదిలోంచి నర్సు అంకెలు పిలుస్తోంది. ఒక్కో పిలుపుకీ అత్త వేలు ఒడిలో కదలడం మేనల్లుడు చూశాడు.

“ఏడు,” అంది నర్సు.

“ఉంది,” అంది అత్త.

నర్సు తల బయటపెట్టింది. “ఏముందమ్మా?”

“నేనేనమ్మా,” అని అత్త లేచింది. ఆమె నవ్వు మాస్కు పైన కళ్లలో కనిపించింది.

సూది పడ్డాక నర్సు దూది అద్దుతూ, ఒళ్లు నొప్పులుంటాయేమో, జ్వరం రావచ్చు, వస్తే ఈ గోళీ వేసుకోండి అని అట్ట చేతిలో పెట్టింది.

“తప్పకుండా వస్తుందా?”

“భయపడకండి. చాలామందికి అసలు రానే రాదు.”

అత్త మొహం దిగిపోయింది. నర్సుకి అర్థం కాలేదు. “మీకు క్రితంసారి వచ్చిందా?”

“వచ్చింది.”

“అయితే ఇప్పుడూ రావచ్చులెండి,” అంది నర్సు, జాలిగా. అత్త ఆమెకి రెండుసార్లు థాంక్స్ చెప్పింది.

ఇంటికొచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెల్లెమ్మల ముందు, అక్కల ముందు ఓడిపోయిన మగవాళ్లు పెట్టే ముఖం పెట్టాడు. “వేయించేసుకున్నావా?”

“వేయించేసుకున్నాను.”

“నొప్పిగా ఉందా?”

“నీకే ఎక్కువున్నట్టుంది.”

ఆయన జేబులోంచి థర్మామీటరు తీసి అత్త చేతిలో పెట్టాడు. డిపో మందుల పెట్టెలోంచి అడిగి తెచ్చాడట. “గంటకోసారి చూసుకో. రాసి పెట్టుకో,” అని చెప్పి డ్యూటీకి పోయాడు. అమ్మ వేడిపాలు తెచ్చిచ్చి, “వదినా, నేను పైనే ఉంటాను, పిలవండి,” అని పైకెళ్లింది.

అత్త కొట్లో కాగితాల దొంతరల మధ్య పరుపు వేయించుకుంది. మధ్యాహ్నం రెండయ్యే సరికి ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. అతను చెయ్యి పట్టుకు చూశాడు. గోరువెచ్చగా ఉంది, ఎండలో పెట్టి తీసిన పుస్తకం లాగ. ఆమె కళ్లు అప్పుడే ఇక్కడివి కాకుండా పోతున్నాయి. జిగురు డబ్బా వెనక తెల్లబట్ట కింద నుంచి ఆ ముప్పై ఫారాలూ తెప్పించుకుని తలాపున పెట్టుకుంది. ఎండ ఎప్పుడో కిటికీ దాటిపోయింది. అయినా నలుసులు కనిపిస్తున్నాయి.

“పార్సిళ్లకి పోవాలా?” అంది.

“సెలవు పెట్టాను.”

“మానేశావా?”

“సెలవే అత్తా. ఒట్టు.”

“అయితే ఇలా కూర్చో. ఆ పీట మీద వద్దు, అది ఖాళీగా ఉండనీ. ఇక్కడ.” అతను పరుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. గోళీల అట్ట అతని చేతిలోనే ఉంది. ఆమె దాని వైపు చూసింది, తర్వాత అతని వైపు.

“నిద్రలో నేను పైకే అంటానన్నావు కదా, ఉంది అని.”

“అన్నావు.”

“స్పష్టంగా వినపడుతుందా?”

“వినపడుతుంది.”

“మరీ కాలిపోతుంటే లేపు, మీ అమ్మని పిలువు. అది నాకూ తెలుసు. మామూలు జ్వరమే అయితే ఒక్క పని చేసిపెట్టు.” ఆమె కళ్లు మూసుకుంది. ఇంకా నిద్ర పట్టలేదు, మాట మాత్రం దూరం నుంచి వస్తున్నట్టుంది. “నేను ‘ఉంది’ అన్నప్పుడల్లా లెక్కపెట్టుకో. మధ్యలో ఎంతసేపు ఆగినా కంగారుపడకు. గోళీ చేతిలోనే ఉంచుకో. పన్నెండోది విన్నాక లేపు.”